ఆంప్లిఫయర్ పోయిందనే ముందు ఆ వైరు కొస ఒకసారి చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో ఇంట్లో పేరుకుపోయిన పాత సామాన్లు వదిలించుకోవడం గురించి ఒక వ్యాసం వచ్చింది కదండీ, అందులో ఒక వాక్యం దగ్గర నా చేతిలో కత్తెర ఆగిపోయింది. పాడైన పాత ఆంప్లిఫయర్‌ని బాగుచేయించడం దండగ, ఆ డబ్బుతో ఒక సౌండ్‌బార్ వస్తుంది అని రాశారు. రాసినవారి మీద నాకేం కోపం లేదు. కానీ ఆ మాట నమ్మి ఎంతమంది బంగారం లాంటి సెట్లని పాత ఇనుము బండి మీద పెట్టేస్తారో అని భయమేసి ఈ ఉత్తరం రాస్తున్నాను. పొడుగైంది, తెలుసు. చోటు చాలకపోతే కత్తిరించుకోండి, ఎడమ కుడి మార్చి చూడటం గురించి రాసిన ముక్క మాత్రం దయచేసి ఉంచండి.

నేను పర్లాకిమిడిలో టైలర్ని, మెకానిక్కుని కాదు. ఇల్లూ షాపూ ఒకటే, ముందు గదిలో మిషను, మిషను పక్కన బల్ల మీద ఆంప్లిఫయర్, గోడకి రెండు స్పీకర్ బాక్సులు. 1997లో బరంపురంలో కొన్న అసెంబుల్డ్ సెట్టు అది. పొద్దున్న షట్టరు ఎత్తినప్పటి నుంచి రాత్రి దింపేదాకా ఘంటసాల వారో, సుశీలమ్మగారో పాడుతూ ఉంటేనే నా కాలు మిషను మీద సరిగ్గా ఆడుతుంది, లేకపోతే కుట్టు వంకరపోతుంది. మా ఆవిడ దీన్ని నమ్మదు.

మూడేళ్ళ కిందట అది మొరాయించింది. స్విచ్ వేస్తే లైటు వెలిగేది, మూడు నాలుగు సెకన్లకి లోపల టక్‌మని రిలే, అంటే బాక్సులకి దారి తీసి మూసే చిన్న స్విచ్, పడేది, పాట మొదలయ్యేది. హమ్మయ్య అనుకుని వాల్యూమ్ కాస్త పెంచేసరికి మళ్ళీ టక్, అంతే, గప్‌చుప్. ఆ టక్ గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే చాలామంది దాన్ని జబ్బు అనుకుంటారు. మొదట వచ్చే టక్ మంచిదే, లోపల అంతా సరిగా ఉందని చూసుకున్నాక బాక్సులకి దారి తీసే చప్పుడు అది. మధ్యలో వచ్చే టక్ ఏమిటంటే, ఎక్కడో షార్ట్ ఉంది, లేదా బాక్సుల వైపు డీసీ కరెంటు వస్తోంది, బాక్సుల కాయిల్ కాలిపోకుండా దారి మూసేశాను అని సెట్టు చెప్పడం. అంటే ఆంప్లిఫయర్ చచ్చిపోయిందని కాదు, ఒళ్ళు కాపాడుకుంటోందని.

ఇదంతా అప్పుడు నాకు తెలిస్తే కదా. ఆంప్లిఫయర్ పెట్టెని పాత దుప్పటిలో మూటగట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని, ఓ పెద్ద ఊళ్ళో షాపుకి మోసుకెళ్ళాను. ఊరి పేరు, షాపు పేరు ఎందుకు లెండి. ఐసీలు, అంటే పాటని పెద్దది చేసే చిప్పులు, వీకైపోయాయి అన్నారు, మార్చారు, 2,600 తీసుకున్నారు. వాళ్ళ బల్ల మీద వాళ్ళ బాక్సులకి పెట్టి వాయిస్తే ఫుల్ వాల్యూమ్‌లో ఖంగుమంది. ఇంటికొచ్చి తగిలిస్తే టక్. మళ్ళీ మోశాను, అక్కడ మళ్ళీ ఖంగుమంది, ఇంటికొస్తే మళ్ళీ టక్. మూడోసారి ఆయన నా మొహం చూసి, మీ ఇంట్లో వోల్టేజీ బాగోలేదు బాబాయ్, స్టెబిలైజర్ పెట్టుకో అన్నాడు. అదీ కొన్నాను, ఇంకో 1,800. టక్ మాత్రం పోలేదు.

ఆ రాత్రి షట్టరు దించి, విసుగొచ్చి, సెట్టు ఆపి ఎడమ బాక్సు వైరు పూర్తిగా పీకేశాను. కుడి బాక్సు ఒక్కటే పెట్టి వాల్యూమ్ పెంచాను. హాయిగా పాడింది. ఆపి, కుడిది పీకి ఎడమది తగిలించాను. టక్. మళ్ళీ ఆపి, అదే ఎడమ బాక్సుని ఇంకో వైరు ముక్కతో తగిలించాను. పాడింది! అంటే బాక్సు మంచిదే, ఆంప్లిఫయర్ మంచిదే, మధ్యలో ఉన్న ఇరవై రూపాయల వైరు దొంగ అన్నమాట. టార్చి వేసి ఆ పాత వైరు బాక్సు వైపు కొస చూశాను. సూదిలో దారం ఎక్కించే కళ్ళు కాబట్టి కనబడింది. ఎర్ర స్క్రూ కింద ఉండాల్సిన ఒకే ఒక్క రాగి పోగు, తల వెంట్రుక కన్నా కొంచెం లావు, బయటికొచ్చి వంగి ఉంది, అదే నల్ల స్క్రూని ముట్టుకుంటూ ఉండేది. ఎప్పుడో గోడ దులిపినప్పుడు లాగి ఉంటుంది. పోగులన్నీ కలిపి వేళ్ళతో గట్టిగా మెలేసి, స్క్రూ కిందికి తోసి బిగించాను. ఖర్చు సున్నా. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడం అంటారే, అది నా పనే. జబ్బుని ఇంట్లో గోడకి వేలాడదీసి, ఒంట్లో బాగున్నవాణ్ణి మూడుసార్లు ఆసుపత్రికి మోసుకెళ్ళాను. షాపులో బాగా పాడి ఇంట్లో పాడకపోతే తప్పు ఇంట్లోనే ఉందని నాకు గానీ, ఆ షాపాయనకి గానీ తట్టలేదు చూడండి.

అప్పటి నుంచి ఎవరింట్లో సెట్టు పలకకపోయినా ముందు నన్ను పిలుస్తారు, నేను చేసేది మాత్రం ఒకటే, ఎడమ కుడి మార్చడం. ఎడమ బాక్సు పలకడం లేదనుకోండి. సెట్టు ఆపేసి, వెనకాల బాక్సుల వైర్లు ఎడమది కుడికి, కుడిది ఎడమకి మార్చి వేయండి. అప్పుడు కూడా ఆ ఎడమ బాక్సే మూగగా ఉంటే తప్పు బాక్సులోనో వైరులోనో ఉంది, పెట్టెని ముట్టుకోవక్కర్లేదు. అలా కాకుండా మూగతనం కుడి బాక్సుకి మారిందా, అప్పుడు పెట్టెలో గానీ, పెట్టెకి పాట పంపించే వస్తువులో గానీ ఉంది. బాక్సుల వైర్లు మళ్ళీ యథాస్థానంలో పెట్టి, ఈసారి ఫోను నుంచో టీవీ నుంచో వచ్చే ఎర్ర పిన్ను, తెల్ల పిన్ను ఆంప్లిఫయర్ దగ్గర తారుమారు చేయండి. మూగతనం అటు మారితే ఆ కేబులో, ఫోనో, టీవీయో. మారకుండా అక్కడే కూర్చుంటే అప్పుడు, అప్పుడు మాత్రమే, పెట్టె. రెండుసార్లు మార్చడం, ఐదు నిమిషాల పని, స్క్రూడ్రైవర్ కూడా పెద్దగా అవసరం పడదు. ఇది చేయకుండా సెట్టు మూత విప్పేవాణ్ణి నేను మెకానిక్ అనను. బాక్సు మీద అనుమానం ఉంటే గోడ గడియారం సెల్లు తీసి, బాక్సుని సెట్టు నుంచి విడదీసి, దాని రెండు వైర్లకీ ఆ సెల్లు అలా ముట్టించి తీసేయండి, టప్‌మని చప్పుడొచ్చి లోపలి కాగితం కదిలిందంటే పెద్ద స్పీకర్ బతికే ఉంది. ఎర్ర నల్ల వైర్లు ఒక బాక్సుకి సరిగా, ఇంకోదానికి తిరగేసి పెట్టినా పాట వస్తుంది గానీ బేస్ ఎక్కడికో పోతుంది, డోలక్కు డొల్లగా వినబడుతుంది. దీనికి కూడా ఐసీ మార్చినవాళ్ళున్నారు.

అసలు ఏ బాక్సూ పలక్కపోతే ముందు సిగ్గు పడకుండా బొత్తాలు చూసుకోండి. మ్యూట్, ఏ జత బాక్సులు పాడాలో ఎంచుకునే స్పీకర్ ఏ బీ స్విచ్, పాత సెట్లకి టేప్ మానిటర్ అని ఒక బొత్తాం ఉంటుంది, అది లోపలికి నొక్కి ఉంటే సెట్టు ఎప్పుడో అమ్మేసిన టేప్‌రికార్డర్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది, మీ పాట వినదు. మా వదినగారింట్లో ఇది ఆర్నెల్లు పాడైన సెట్టు. మనవడు నొక్కాడు.

వాల్యూమ్ తిప్పుతుంటే గరగరమంటే అది దుమ్ము. కాంటాక్ట్ క్లీనర్ అని స్ప్రే దొరుకుతుంది, సెట్టు ఆపి, ప్లగ్గు తీసి, నాబ్ వెనక ఉన్న చిన్న సందులో కొంచెం కొట్టి ఇరవై ముప్ఫైసార్లు అటూ ఇటూ తిప్పితే చాలు. కొబ్బరినూనె పోసినవాళ్ళని చూశాను, దయచేసి పోయకండి, అది మిషను కాదు. ఇంకోటి, చిన్న సౌండులో ఒక బాక్సు రాకుండా, వాల్యూమ్ పెంచగానే ఉలిక్కిపడి వస్తోందంటే చాలాసార్లు రిలే కాంటాక్టులు నల్లబడి ఉంటాయి, చిన్న భాగం, మెకానిక్‌కి చెబితే మారుస్తాడు, బోర్డు మార్చాలంటే ఒప్పుకోకండి. మాకు వానాకాలంలో ఆ ఎర్ర తెల్ల ఆర్సీఏ పిన్నులకి ఇత్తడి చెంబులకి పట్టినట్టు ఆకుపచ్చగా చిలుం పడుతుంది. పిల్లల రబ్బరు పెట్టి రుద్దితే పోతుంది.

ఇక హమ్. ఉత్తరంలో దీనికే ఎక్కువ చోటు ఇస్తున్నాను, ఎందుకంటే దీని పేరు చెప్పి అమ్ముడుపోయిన కండెన్సర్లకి, అంటే కరెంటుని నిలవ ఉంచే డబ్బాలకి, లెక్కలేదు. పాట లేకపోయినా వెనకాల తేనెపట్టు దగ్గర నిలబడ్డట్టు ఊఁ... అని ఒక రొద. మొదటి పని, వెనకాల ఉన్న పిన్నులన్నీ పీకేసి బాక్సులు మాత్రం ఉంచి సెట్టు వేయండి. రొద అలాగే ఉంటే పెట్టెలోదే, పవర్ సప్లై దగ్గరి పెద్ద కండెన్సర్లు ఎండిపోయి ఉండొచ్చు, పాతికేళ్ళ సెట్టుకి అది మామూలే, పైగా వాటి పైకప్పు పూరీలా ఉబ్బి కనబడుతుంది కూడా. రొద ఆగిపోయిందా, పెట్టెకి ఏ పాపమూ తెలియదు. ఒక్కో పిన్నూ మళ్ళీ పెట్టుకుంటూ రండి, ఏది పెట్టగానే తేనెపట్టు కదిలిందో అదే.

మా వీధిలో తొంభై పాళ్ళు అది టీవీ. టీవీ వల్ల కూడా కాదు, టీవీ వెనక్కి డాబా మీద నుంచి వచ్చే కేబుల్ వైరు. దానికి అక్కడ స్తంభం దగ్గర ఒక ఎర్త్, మన ఇంట్లో ప్లగ్గుకి ఇంకో ఎర్త్, ఈ రెండు ఎర్త్‌ల మధ్య కొంచెం తేడా ఉంటుంది, ఆ తేడా మీ ఆడియో కేబుల్ గుండా నడిచి వెళ్తూ సెకనుకి 50 సార్లు ఊగే రొదగా వినబడుతుంది. రెండు బావుల్ని కాలవతో కలిపితే నీళ్ళు ఎటో ఒకవైపు పారుతాయి కదా, అలాగ. టీవీ వెనక ఆ కేబుల్ ఒక్కటి పీకి చూడండి, రొద ఆగితే దొంగ దొరికినట్టే. టీవీకి ఆప్టికల్ అనే సాకెట్టు ఉంటే ఆ వెలుగుని మళ్ళీ పాటగా మార్చే ఒక చిన్న డాక్ డబ్బా తెచ్చి దాని ద్వారా సౌండ్ తీసుకోండి, అందులో వెళ్ళేది వెలుగు, రాగి కాదు, కాబట్టి కాలవ తెగిపోతుంది. కొంతమంది ఇంకో ఉపాయం చెబుతారు, త్రీపిన్ ప్లగ్గులో లావు పిన్ను విరిచేయమని. రొద ఆగుతుంది నిజమే. కానీ రేపు లోపల వైరు ఊడి ఇనప పెట్టెకి తగిలితే ఫ్యూజు పోయే బదులు మనిషి పోతాడు. సెట్టు ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోందని చెప్పేవాళ్ళ ఇళ్ళల్లో ముందు ఆ పిన్ను ఉందో లేదో, ఉంటే ఇంటికి ఎర్త్ గుంట అసలు తవ్వారో లేదో చూడాలి. ఉప్పూ బొగ్గూ వేసి తవ్విన గుంటకి మే నెలలో నాలుగు బిందెల నీళ్ళు పోయడం మా నాన్న మర్చిపోయేవాడు కాదు, మేం మర్చిపోయాం.

ఈ మధ్య కొత్త రొద ఒకటి వచ్చింది, పాత సెట్టులో వంద రూపాయల బ్లూటూత్ బోర్డు పెట్టించుకుంటే కుయ్‌మని సన్నటి ఈల. అదే సప్లై నుంచి దానికీ కరెంటు ఇస్తారు కాబట్టి వస్తుంది. ఆ బోర్డుకి విడిగా ఒక ఫోను చార్జర్ పెట్టి చూడండి, చాలాసార్లు తగ్గుతుంది.

వేడి గురించి కూడా చెప్పాలి, దీనికి మన ఆడవాళ్ళు నన్ను తిట్టినా ఫర్వాలేదు. ఆంప్లిఫయర్ మీద క్రోషే గుడ్డ కప్పకండి. ఆ పైనున్న గాట్లు అందం కోసం కాదు, ఊపిరి కోసం. దాని మీద సెట్‌టాప్ బాక్సు, దాని మీద పూలకుండీ, ఆ కుండీలో నీళ్ళు, ఇదంతా చూస్తే నాకు టెన్షన్ వస్తుంది. పైన కనీసం జానెడు ఖాళీ ఉండాలి. అలాగే రథయాత్రకీ వినాయక చవితికీ ఇంట్లో సెట్టే బయటికి తెచ్చి, ఉన్న రెండు బాక్సులకి తోడు ఇంకో రెండు, వీధి చివరకి ఇంకో రెండు తగిలిస్తారు మా కుర్రాళ్ళు. ఓములంటే కరెంటుకి బాక్సు పెట్టే అడ్డు కొలత, 8 ఓముల బాక్సులు రెండు ఒకే చోట కలిపితే 4 ఓములవుతుంది, నాలుగు కలిపితే 2. ఓములు తగ్గేకొద్దీ సెట్టు మీద బరువు పెరుగుతుంది, పెట్టె వెనక 8 అనో 4 అనో రాసి ఉంటుంది, దానికన్నా తగ్గిస్తే గంటసేపు పాడి ఆగిపోతుంది, చల్లారాక మళ్ళీ పాడుతుంది. అలా రెండుమూడుసార్లు ఆగిపోయాక అయినా ఆపాలి కదా, ఆపరు. అప్పుడు నిజంగానే ఐసీ పోతుంది. ఆన్‌లైన్లో తెప్పించిన ఐసీల్లో నకిలీలు ఎక్కువ, పేరు సాన్యో అని ఉంటుంది, పనితనం ఉండదు.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా జిల్లాని ఎలా పీడించిందో మీ పేపర్లోనే రాశారు. మా ముందు గదిలోకి పై రేకుల నుంచి వాన కొట్టింది, సెట్టు తడవలేదు గానీ చెమ్మ పట్టింది. కరెంటు వచ్చిన రోజు పక్కింటాయన సంతోషం ఆపుకోలేక వెంటనే తన సెట్టు వేశాడు, పొగ వచ్చింది. నేను నాది ఎండలో పెట్టలేదు, ఫ్యాన్ కింద మూత తీసి నాలుగు రోజులు ఉంచి తర్వాత వేశాను, అందుకే బతికింది. అలా మూత తీసినప్పుడే చూశాను, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఒక బల్లి, కాగితంలా ఎండిపోయి, తోక ట్రాన్స్‌ఫార్మర్ వైరు ఒక కొస మీద, మూతి ఇంకో కొస మీద. వెచ్చదనానికి వస్తాయవి. పెద్ద సెట్ల లోపల ఇలాంటి బల్లి ఒక్కటి చాలు బోర్డు కాలడానికి. అప్పటి నుంచి గాట్ల లోపలి వైపు దోమతెర ముక్క కుట్టి పెట్టాను, గాలి ఆడుతుంది, బల్లి రాదు.

ఇక్కడిదాకా మనం చేసుకునే పని. మూత తీశాక మాత్రం జాగ్రత్త. ప్లగ్గు పీకేసినా ఆ పెద్ద కండెన్సర్లలో కరెంటు చాలాసేపు నిలవ ఉంటుంది. ఫ్యూజు పోతే చూడండి, గాజు తేటగా ఉండి లోపల తీగ ఒక్కటే తెగితే అది వయసైపోయి పోయి ఉండొచ్చు, పక్కన రాసిన ఆంపియర్లదే ఇంకోటి వేసి చూడొచ్చు. గాజు లోపల నల్లగా మసిబారితే లోపల పెద్ద షార్ట్ ఉంది, ఇంకోటి వేసినా పోతుంది, సిగరెట్టు పెట్టె రేకు చుడితే ఈసారి ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. అప్పుడు మెకానిక్ దగ్గరికి వెళ్ళండి, వెళ్ళి, ఎడమ కుడి మార్చి చూశాను, ఫలానా వైపు తప్పుంది అని చెప్పండి. అలా చెప్పిన మనిషికి ఊరికే బోర్డు మార్చరు. వీలైతే మీ బాక్సులూ వైర్లూ కూడా పట్టుకెళ్ళండి.

మీ పేపరుకి నాదొక విన్నపం. మా పిల్లలు బడిలో ఒడియా చదువుకున్నారు, సెట్టుతో వచ్చే పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది, మా వయసు వాళ్ళం తెలుగు చదివేది మీ పేపర్లోనే. వారానికోసారి అర కాలమ్ ఇలాంటి రిపేరు ముచ్చట్లు వేయండి, మిక్సీ, ఫ్యాను, ఆంప్లిఫయర్, ఏదైనా. వేస్తే మాత్రం ధ్వనివర్ధకి, సంధారకం అని రాయకండి. గిడుగు రామమూర్తి గారు ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పిన ఊరు మాది, వాడుక భాష కోసం ఆయన ఇక్కడి నుంచే పోట్లాడారు, 1936లో మా ఊరు ఒరిస్సాలో కలిసినప్పుడు మనసు కష్టపెట్టుకుని రాజమండ్రి వెళ్ళిపోయారు. కండెన్సర్‌ని కండెన్సర్ అనే రాయండి, ఆయన కూడా ఏమనరు.

చివరగా పాఠకులకి ఒక ప్రశ్న. మెకానిక్‌లు అనుమానం ఉన్న సెట్టుని నేరుగా కరెంటుకి పెట్టరు, మధ్యలో 100 వాట్ల పాత ఫిలమెంటు బల్బు సిరీస్‌లో పెడతారు, బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే సెట్టు మంచిది, వెలుగుతూనే ఉంటే లోపల షార్ట్. ఎల్ఈడీ బల్బు ఈ పనికి రాదు. మా ఊరి ముసలి మెకానిక్ దగ్గరున్న ఆఖరి బల్బు మొన్న పగిలిపోయింది. పాతపట్నం, టెక్కలి, కాశీనగరం, గుణుపురం వైపు ఏ కొట్టులోనైనా అలాంటి బల్బులు ఇంకా ఉన్నాయని ఎవరికైనా తెలిస్తే మీ పేపర్లోనే రాయండి, నేనే వచ్చి తీసుకుంటాను.

ఇట్లు
మీ పాత పాఠకుడు, ఒక టైలర్
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా